పొరుగువాడి హక్కు, పరదేశి హక్కు: హైదరాబాదు చెప్పిన పాఠం

ఈ మధ్య ఉపాధ్యాయుల శిక్షణ తరగతులకు పోతే "విశ్వపౌరసత్వం" అన్న మాట వినకుండా తిరిగి రావడం కష్టం. పిల్లవాడు తన ఊరికీ దేశానికీ మాత్రమే కాక యావత్తు మానవజాతికీ తాను బాధ్యుడనని నేర్చుకోవాలట. మంచి మాటే. యునెస్కో సంస్థ 1974లో పారిస్ మహాసభలో ఈ విషయమై సభ్యదేశాలన్నింటికీ ఒక సిఫార్సు చేసింది. 2023లో దానిని తిరగరాసి మళ్ళీ ఆమోదించింది. అయితే శిక్షణలో కూర్చున్న మా పంతుళ్ళ ముఖాలు చూస్తే, ఇదేదో విదేశంలో తయారై విమానం దిగి వచ్చిన సరుకు అన్నట్టే ఉంటుంది. మేడ్చల్‌లోనో షామీర్‌పేటలోనో చదివే పిల్లవాడికి దీనితో ఏమి పని అని పక్కవాడి చెవిలో అనుకుంటారు.

పని ఉన్నది. పైగా ఈ పాఠం మనకు కొత్త కాదు. దేశానికీ దేశానికీ మధ్య, మనిషికీ పరాయి మనిషికీ మధ్య ఉండవలసిన న్యాయం గురించి మన హైదరాబాదు నగరంలో, మన ఉర్దూ భాషలో పుస్తకం రాసి, పాఠం చెప్పి, తర్వాత యూరపు ఖండానికి పోయి అక్కడివారికి కూడా బోధించిన ఒక ఉపాధ్యాయుడు ఉన్నారు. ఆయన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాహెబ్. మన సొసైటీ సభ్యుల ఇళ్ళల్లో పెద్దలకు ఆ పేరు తెలిసే ఉంటుంది. పిల్లల్లో తెలిసినవారు ఎందరో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఉర్దూ పంతులునై ఉండి ఈ వ్యాసం తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే కారణం అదే. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడుతారు గాని చదవలేరు. వాళ్ళకు చేరని వ్యాసం నేను ఎంత మంచి ఉర్దూలో రాసినా ఏమి లాభం?

కథ హమీదుల్లా సాహెబు పుట్టుకకు ముందే మొదలవుతుంది. 1888లో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ అనే గ్రంథ ప్రచురణ సంస్థ ఏర్పడింది. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, జామియా నిజామియా స్థాపించిన మౌలానా అన్వారుల్లా ఫారూఖీ దీనికి మూలపురుషులు. వీరిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ గారిని ప్రత్యేకంగా తలచుకోవాలి. 1883లో చాందా రైలు మార్గం విషయంలో ప్రజల తరఫున గొంతెత్తినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ గారితో పాటు నగర బహిష్కారం అనుభవించిన మనిషి ఆయన. ఒక బెంగాలీ హిందువు, ఒక మద్రాసీ ముస్లిం కలిసి హైదరాబాదు ప్రజల ఖజానా కోసం కొట్లాడారు. ఉమ్మడి బాధ్యత అంటే ఏమిటో ఆ సంగతి ఒక్కటి చెప్పినా పిల్లలకు తెలిసిపోతుంది.

ఈ దాయిరతుల్ మఆరిఫ్ పని ఏమిటంటే, ప్రపంచంలో ఎక్కడెక్కడో గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి ఉన్న అరబీ తాళపత్రాల వంటి పాత రాతప్రతులను వెదికి, సరిచూసి, అచ్చు వేయడం. అట్లా 1916-17 ప్రాంతంలో నాలుగు సంపుటాలుగా అచ్చయిన ఒక గ్రంథం "షర్హ్ అస్ సియర్ అల్ కబీర్". ఇమామ్ అబూ హనీఫా గారి శిష్యుడు, 805లో మరణించిన ఇమామ్ ముహమ్మద్ షైబానీ రాసిన పుస్తకానికి సరఖ్సీ అనే పండితుడు పదకొండవ శతాబ్దంలో చెప్పిన వ్యాఖ్యానం ఇది. రాజుకు కోపం వచ్చి చెరసాలలో వేస్తే, సరఖ్సీ అక్కడ నుంచే శిష్యులకు చెప్పి ఇందులో కొంత భాగం రాయించాడు. విషయం ఏమిటి? యుద్ధంలోనూ శాంతిలోనూ పరాయి రాజ్యాలతో, పరాయి మనుషులతో ఎట్లా మెలగాలి అన్నది. రాయబారి ప్రాణానికి పూచీ ఎవరు, చేసిన ఒడంబడిక ఎప్పటిదాకా కట్టుబడి ఉండాలి, శత్రువుల్లో కూడా ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను, మఠాల్లోని సన్యాసులను ఎందుకు ముట్టుకోరాదు, శత్రుదేశం నుంచి వచ్చిన వర్తకుడికి మన బజారులో ఏ హక్కులున్నాయి, ఇట్లాంటి ప్రశ్నలు. ఐరోపాలో అంతర్జాతీయ న్యాయానికి ఆద్యుడని చెప్పుకునే హ్యూగో గ్రోషియస్ తన గ్రంథం ప్రచురించింది 1625లో. షైబానీ అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందటివాడు. ఇందులో గొప్పలు పోవలసినది ఏమీ లేదు, ఎందుకంటే రాసిన నియమాలను మన రాజులు ఎన్నిసార్లు మీరారో కూడా చరిత్రలో ఉన్నది. కాని ఆ గ్రంథం హైదరాబాదులో అచ్చయిందన్న సంగతి మాత్రం మన పిల్లలకు తెలియాలి.

హమీదుల్లా 1908లో హైదరాబాదులో విద్యావంతుల కుటుంబంలో పుట్టారు. ఆయన మదర్సా చదువు ముగిసే కాలానికి నగరంలో ఒక పెద్ద ప్రయోగం నడుస్తున్నది. 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానుతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది పడింది. 1919 ఆగస్టులో తరగతులు మొదలైనవి. వైద్యం, ఇంజనీరింగు, న్యాయం, రసాయనం అన్నీ ఉర్దూలో చెప్పాలన్నది ఆ విశ్వవిద్యాలయం పంతం. ఇంగ్లీషు పుస్తకాలు తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా అనే శాఖ పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి అధిపతి. ఒక్కొక్క శాస్త్రపదానికి ఉర్దూ మాట ఏది పెట్టాలా అని పండితులు గంటల తరబడి వాదించుకునేవారు. ఆ వాతావరణంలోనే "ఖానూన్-ఎ-బైనుల్ మమాలిక్", అనగా అంతర్జాతీయ న్యాయం, ఉర్దూలో చదువదగిన విషయమైంది. హమీదుల్లా సాహెబు ఎం.ఏ., ఎల్.ఎల్.బి. ఇక్కడే ఉర్దూలో చదివారు. తర్వాత జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లో సోర్బాన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేట్లు ఇచ్చినవి. ఆయన పరిశోధన విషయాలు రెండూ మన కథకు సంబంధించినవే. ఒకటి, యుద్ధకాలంలో తటస్థంగా ఉండే రాజ్యం హక్కులు. రెండు, ప్రవక్త కాలంలోనూ తొలి ఖలీఫాల కాలంలోనూ జరిగిన దౌత్య వ్యవహారాల పత్రాలు. తిరిగి వచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం చెప్పే పంతులు అయ్యారు.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం సగం నిజమే అవుతుంది. మాతృభాషలో చదువు అన్న న్యాయం ఉర్దూ పిల్లవాడికి దొరికింది గాని ఆ రాజ్యంలో ఎక్కువ సంఖ్యలో ఉన్న తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు దొరకలేదు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. 1951 జనాభా లెక్కల నాటికి కూడా పాత హైదరాబాదు రాష్ట్రంలో చదవను రాయను వచ్చినవారు నూటికి పదిమంది లేరు. అప్పటి మన మేడ్చల్ రైతుబిడ్డ బడికి పోయి, అర్థం కాని భాషలో పాఠం విని, రెండేళ్ళకే పశువుల వెంట పోయాడంటే తప్పు ఆ బిడ్డది కాదు. ఈ రోజు ఉర్దూ మీడియం బడులు మూతబడుతున్నాయని మనం బాధపడుతున్నాము. ఆ బాధ న్యాయమైనదే. అదే బాధ వంద ఏళ్ళ క్రితం పొరుగింటి తెలుగువాడిది అని గుర్తు పెట్టుకున్నవాడికే దానిని గురించి మాట్లాడే హక్కు ఉంటుందని నా అభిప్రాయం.

ఇక పాఠం సంగతి. హమీదుల్లా సాహెబు రచనల్లో నాకు తరగతి గదిలో అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడినది "అమాన్" అనే భావన. తెలుగులో అభయం అని చక్కని మాట ఉన్నది. శత్రుదేశం మనిషి అయినా సరే, మన ఊళ్ళో ఒక్కడు "నీకు భయం లేదు, నా పూచీ" అని మాట ఇస్తే ఆ మాట ఊరు మొత్తానికి, రాజుకు కూడా కట్టుబాటు అవుతుంది. మాట ఇచ్చినవాడు గొప్పవాడు కానవసరం లేదు. అట్లా అభయం పొందిన పరదేశిని "ముస్తామిన్" అంటారు. ఎనిమిదో తరగతిలో ఈ పాఠం చెప్తుంటే ఒక అమ్మాయి లేచి "ఆడపిల్ల మాట ఇచ్చినా చెల్లుతదా సార్?" అని అడిగింది. చెల్లుతుంది. 630లో మక్కా జయం నాడు ఉమ్మె హానీ అనే స్త్రీ తన అత్తింటి తరఫు ఇద్దరికి ఇంట్లో ఆశ్రయం ఇచ్చింది. ఆమె సొంత తమ్ముడు హజ్రత్ అలీ వారి మీదికి కత్తి దూసి వస్తే, ఆమె నేరుగా ప్రవక్త వద్దకు పోయి చెప్పుకున్నది. ఆమె ఇచ్చిన అభయమే అందరి అభయం అని తీర్పు వచ్చింది. ఆ రోజు ఆ అమ్మాయి ముఖంలో కనిపించిన వెలుగు ఏ శిక్షణ తరగతిలోనూ నాకు కనిపించలేదు.

మదీనా ఒడంబడిక మీద కూడా ఆయన చాలా శ్రమించారు. మక్కా నుంచి వలస వచ్చినవారు, మదీనా స్థానికులు, అక్కడి యూదు తెగలు కలిసి ఒక నగరంగా బతకడానికి రాసుకున్న ఒప్పందం అది. జర్మన్ పండితుడు వెల్‌హౌసెన్ దానిని 47 అంశాలుగా విడగొడితే హమీదుల్లా సాహెబు 52గా లెక్కపెట్టి, ప్రపంచంలో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగం ఇదేనన్నారు. ఆ బిరుదును ఒప్పుకోని పండితులు కూడా ఉన్నారు. బిరుదు సంగతి ఎట్లా ఉన్నా, ఎవరి మతం వారిది, నగర రక్షణ ఖర్చు మాత్రం అందరిదీ అన్న ఏర్పాటు అందులో ఉన్నది. అంతకంటే ముందు మక్కాలో జరిగిన హిల్ఫుల్ ఫుజూల్ అనే ప్రతిజ్ఞ మరీ ఆసక్తికరం. యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి సరుకు తీసుకుని పైసలు ఎగ్గొట్టారు. అతడికి ఆ ఊళ్ళో చుట్టం లేడు, తెగ లేదు. అప్పుడు కొందరు పెద్దమనుషులు ఒక ఇంట్లో కూడి, ఇకమీదట బాధితుడు మనవాడైనా పరాయివాడైనా అతడి పక్షమే నిలబడతామని ప్రమాణం చేశారు. యువకుడైన ముహమ్మద్ ప్రవక్త, ఇంకా ప్రవక్త కాకముందే, అందులో ఒకరు.

చదువు గురించిన ఉదాహరణ ఇంకొకటి ఉన్నది. 624లో బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో విడుదల సొమ్ము కట్టలేక, చదువు వచ్చినవారికి ఒక షరతు పెట్టారు. మదీనా పిల్లలు పదిమందికి రాత నేర్పితే విడిచిపెడతారు. నిన్న కత్తి పట్టి వచ్చినవాడు ఈ రోజు పలక పట్టుకుని పంతులు అయ్యాడు. శత్రువు దగ్గర కూడా అక్షరం నేర్చుకోవచ్చునన్న ఈ సంగతి, "వాళ్ళ బడి, మన బడి" అని కొట్టుకునే మన కాలానికి బాగా పనికి వస్తుంది.

1948 సంవత్సరం హమీదుల్లా సాహెబు జీవితాన్ని రెండు ముక్కలు చేసింది. హైదరాబాదు విషయం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి పోయినప్పుడు నిజాం ప్రభుత్వం పంపిన బృందంలో ఆయన ఉన్నారు. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలై 17న ముగిసింది. సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది. అది జరగవలసిన పనే, అందులో మనకు రెండో మాట లేదు. రజాకార్ల దౌర్జన్యాలకు తెలుగు పల్లెలు నలిగిపోయినవి. చర్య తర్వాత కొన్ని జిల్లాల్లో ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలు నలిగిపోయినవి. ఈ రెండూ జరిగినవని ఒకే నోటితో చెప్పగలగడం చరిత్ర పంతులు కనీస ధర్మం. హమీదుల్లా సాహెబు మాత్రం ఆ తర్వాత హైదరాబాదులో స్థిరపడలేదు. పారిస్‌లోనే ఉండిపోయారు. వేరే దేశపు పౌరసత్వం తీసుకోలేదు. పరదేశి హక్కుల గురించి జీవితమంతా రాసిన పండితుడు, ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే శరణార్థి పత్రాలతో దశాబ్దాల పాటు బతికారు. శరణార్థుల రక్షణ కోసం 1951లో జెనీవాలో ప్రపంచ దేశాలు ఒక ఒడంబడిక చేసుకున్నవి. ఆయన పుస్తకంలోని మాటల్లో చెప్పాలంటే, ఆయనే ఒక ముస్తామిన్ అయ్యారు. విశ్వపౌరసత్వం అని సులభంగా అనేస్తాము గాని, ఏ దేశపు పౌరసత్వమూ లేని మనిషికి రైలు టికెట్టు మొదలు ఆసుపత్రి దాకా ఎంత కష్టమో శరణార్థులను అడిగితే చెప్తారు. పౌరసత్వపు కాగితం విలువ తెలిసినవాడే విశ్వపౌరసత్వం గురించి మాట్లాడాలి.

ఆయన కూర్చుని ఏడవలేదు. 1954 నుంచి 1978 దాకా ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థలో పని చేశారు. టర్కీ విశ్వవిద్యాలయాలకు పోయి పాఠాలు చెప్పారు. 1953లో, తొలి కాలపు హదీసు సంకలనాల్లో ఒకటైన హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ సహీఫాను బెర్లిన్, డమాస్కస్ ప్రతులు సరిచూసి ప్రచురించారు. 1959లో ఖురాను ఫ్రెంచి అనువాదమూ, ప్రవక్త జీవిత చరిత్ర రెండు సంపుటాలూ వెలువడినవి. తమ బాల్యంలో హైదరాబాదులో అచ్చయిన ఆ సరఖ్సీ వ్యాఖ్యానాన్ని ముసలితనంలో ఫ్రెంచిలోకి తెచ్చారు. ఉర్దూ, అరబీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషల్లో రాసేవారు. పెళ్ళి చేసుకోలేదు. చిన్న ఇంట్లో నిరాడంబరంగా బతికారు. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం పెద్ద బహుమానం ఇస్తే ఆ సొమ్ము అక్కడి పరిశోధన సంస్థకే ఇచ్చివేశారు. 2002 డిసెంబరు 17న అమెరికాలోని జాక్సన్‌విల్ నగరంలో కన్నుమూశారు.

1980లో బహావల్‌పూర్‌లో ఆయన ఉర్దూలో ఇచ్చిన పన్నెండు ఉపన్యాసాలు "ఖుత్బాతె బహావల్‌పూర్" పేరుతో పుస్తకంగా ఉన్నవి. అందులో ఒకటి అంతర్జాతీయ న్యాయం మీద, ఇంకొకటి ప్రవక్త కాలపు విద్యావిధానం మీద. ముప్పై ఏళ్ళు పారిస్‌లో ఉండి వచ్చిన మనిషి ఇంత సాఫీ ఉర్దూలో మాట్లాడటం చూస్తే, భాష మరిచిపోతేనే పెద్దవాళ్ళమవుతామన్న మన భ్రమ కొంత వదులుతుంది.

ఇది ఒక్క మనిషి గొప్పతనం అనుకోరాదు. ఆ కాలపు హైదరాబాదు కిటికీలు తెరిచి ఉన్నవి. ఇంగ్లండులో పాదరీ కుటుంబంలో పుట్టి ఇస్లాం స్వీకరించిన మార్మడ్యూక్ పిక్థాల్ 1925లో వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. బడి నడుపుతూనే "ఇస్లామిక్ కల్చర్" పత్రికకు సంపాదకత్వం చేశాడు. 1930లో వెలువడి ఇప్పటికీ ప్రపంచమంతటా చదువుతున్న ఆయన ఇంగ్లీషు ఖురాను అనువాదం మన నగరపు బడిపంతులు పని. బడిపంతులు అన్న మాట నేను కావాలనే రాస్తున్నాను.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాము. 2020లో లాక్‌డౌన్ నాడు మేడ్చల్ హైవే మీద ఏమి జరిగిందో మీలో చాలామంది కళ్ళారా చూశారు. బీహారు, ఉత్తర ప్రదేశ్, మధ్య ప్రదేశ్ పోయే కూలీలు నెత్తిన మూటలు, చంకన పిల్లలతో ఉత్తరం దిక్కుకు నడిచారు. ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది. రోజా ఉన్నవాళ్ళు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఇతరులకు నీళ్ళు పోశారు. పక్కనే గుడి కమిటీ వాళ్ళు పులిహోర పంచారు. ఎవరూ ఎవరి పేరూ అడగలేదు. హిల్ఫుల్ ఫుజూల్ అంటే ఏమిటో ఆ పిల్లలకు ఇక పుస్తకంలో చూపించే అవసరం లేకపోయింది. ఇవాళ ఆ కూలీల పిల్లలు కొందరు మా బడిలోనే కూర్చుంటున్నారు. కొత్త పిల్లవాడి యాసను చూసి తరగతి నవ్వినప్పుడల్లా నేను నల్లబల్ల మీద "ముస్తామిన్" అని ఒక్క మాట రాస్తాను. ఇప్పుడు పిల్లలే ఒకరినొకరు గద్దిస్తున్నారు. మన తుర్కపల్లి దిక్కు తయారయ్యే టీకాలు ఎన్నో దేశాల పసిపిల్లలకు పోతున్నవి. పటం మీద ఆ దేశాలను వేలుతో చూపించమంటే పరుగెత్తుకుంటూ వస్తారు.

కాని తల్లిదండ్రుల ప్రశ్న ఒకటి ఉన్నది. "ఉర్దూల సదివితే నౌకరీ దొరుకుతదా మాస్టర్ సాబ్?" అని గేటు దగ్గరే అడుగుతారు. వారిని తప్పు పట్టను. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చారు. అందరూ అటే చూస్తున్నారు. నా జవాబు ఇది: పునాది ఇంటి భాషలో పడాలి, దాని మీద ఇంగ్లీషు గట్టిగా కట్టాలి. హమీదుల్లా సాహెబు చేసింది అదే. ఉర్దూలోనే ఆగిపోయి ఉంటే ఆయన బాన్ పోయేవారు కాదు. ఉర్దూ లేకుండా మొదలు పెట్టి ఉంటే బాన్‌లో చెప్పడానికి ఆయన దగ్గర ఏమి ఉండేది?

అందుకు మన ముంగిటనే ఒక తలుపు ఉన్నది. 1998లో ఏర్పడి, తర్వాత షామీర్‌పేటలోని జస్టిస్ సిటీకి వచ్చిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఆ అంతర్జాతీయ న్యాయమే పాఠంగా చెప్తారు. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి చదువుతున్నారు. షామీర్‌పేట చెరువు కట్ట మీద సాయంత్రం వాళ్ళు తిరగడం మనం చూస్తుంటాము. మన పిల్లలు వాళ్ళకు మిర్చీ బజ్జీలు అమ్ముతుంటారు. అందులోకి పోవాలంటే క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది. మన జమాతులో ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉన్న పిల్లలను ఇప్పటి నుంచి తయారు చేస్తే నాలుగైదేళ్ళలో ఒకరిద్దరైనా ఆ గేటు దాటగలరు.

సొసైటీ హాలు ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది. పది నుంచి పన్నెండు దాకా ఇంగ్లీషు చదవడం, రాయడం, వారానికొక చరిత్ర కథ చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆడపిల్లలను కూడా పంపవలెను. ఏ మతం పిల్లవాడు వచ్చినా కూర్చోబెడతాను. కోర్టులో పని చేసే సభ్యులు నెలకొకసారి వచ్చి పిల్లలతో మాట్లాడితే బాగుంటుంది. చాపలు హాలులోనే ఉన్నవి. ఒక నల్లబల్ల, ఒక ప్రపంచ పటం, రెండు నిఘంటువులు కావాలి. ఇవ్వదలచినవారు, పిల్లలను పంపదలచినవారు కార్యదర్శి గారి వద్ద పేర్లు రాయించగలరు.